రెండు చానెళ్ళ కాపురం

నాలుగు నిమిషాల పని అది. అందులో ఒకటిన్నర నిమిషం నా కళ్ళజోడు వెతుక్కోవడానికే పోయింది. ఆ పని చేసుకోవడానికి అనుమతి రావడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. మా ఆఫీసు ఆలస్యం చేసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ ఎనిమిది నెలల్లో మావాళ్ళు ఒక్కరోజు కూడా ఊరికే కూర్చోలేదు.

మాది వర్షమాన శాఖ. జిల్లాలో ఎక్కడ ఎంత వాన పడిందో కొలిచి రాజధానికి చెప్పడం మా పని. రాజధానిలో వాటన్నిటినీ కలిపి, రంగులు వేసి, పటం తయారుచేసి, మా జిల్లాలో ఎంత వాన పడిందో మాకు తిరిగి చెబుతారు. కంప్యూటర్ల మోజు కొత్తగా ఊపందుకున్న రోజులవి. ఈ రాకపోకల కోసం ప్రతి జిల్లా ఆఫీసుకూ ఒక కంప్యూటరూ, ఒక ఐఎస్‌డీఎన్ లైనూ, కంప్యూటర్ని దానికి తగిలించే మోడెమ్ పెట్టే ఒకటీ ఇచ్చారు. కంప్యూటర్లో ఉన్నది యూనిక్స్ తరహా సిస్టమ్. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. చెప్పింది చేస్తుంది, చెప్పనిది చేయదు. మా ఆఫీసులో అలాంటి శాల్తీ అదొక్కటే. టెక్నికల్ అసిస్టెంటుగా దాన్ని చూసుకునే బాధ్యత నాది.

అది కొత్తరకం ఫోను లైను, అందులో రెండు చానెళ్ళుంటాయి. ఒకే తీగలో రెండు దారులనుకోండి. ఒక దారిలో పటం రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, రెండూ కలిపితే పది. కలపనంతకాలం రెండోది ఖాళీగా ఉంటుంది కాబట్టి దానికో ఫోను తగిలించి నా బల్లమీద పెట్టారు. అందులో మాట గాజుపలకలా స్పష్టంగా వినబడుతుందని మా డైరెక్టరుగారికి తెలిసింది. అప్పట్నించీ ప్రతి సోమవారం పదకొండింటికి ఆయన జిల్లా అధికారులతో ఆ ఫోనులోనే మాట్లాడేవారు.

చానెళ్ళు కలపడం బ్రహ్మవిద్యేమీ కాదు. అమరికల ఫైలు తెరిచి, రాజధాని నంబరు ఒకసారి రాసి ఉన్నచోట రెండుసార్లు రాయాలి. ఆ రెండు పిలుపుల్నీ ఒకే లింకుగా చూసుకోమని కింద ఇంకో వరుస చేర్చాలి. నేను ఫైలు తెరిచిన రోజునే సర్క్యులర్ వచ్చింది.

“కంప్యూటర్లయందు సిబ్బంది తమ ఇష్టానుసారము మార్పులు చేయుచున్నట్లు డైరెక్టరువారి దృష్టికి వచ్చినది. ఇకమీదట ఎంతటి స్వల్పమైన మార్పు చేయవలెనన్నను, అందుకు ఆధారమగు నిబంధన సంఖ్యను ఉటంకించి పైఅధికారి ఆమోదము పొందవలెను. నిబంధన లేని మార్పు దుష్ప్రవర్తనగా పరిగణించబడును.”

నేను ఫైలు మూసేసి సూపరింటెండెంటు తాతారావుగారి దగ్గరికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళ సర్వీసు ఆయనది. నిబంధనల పుస్తకాలు పదిహేను ఆయన బీరువాలో ఉంటాయి, వాటి సారం ఆయన నాలుకమీద ఉంటుంది. నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు.

“మోడెమ్ అన్న మాట మన పుస్తకాల్లో దొరకదయ్యా సోమేశం. అవి రాసిననాటికి అది పుట్టలేదు. రెండింటిని ఒకటి చెయ్యడం అన్న పద్దు కింద వెతకాలి. మూడ్రోజులు టైమియ్యి.”

మూడోరోజుకి రెండు నిబంధనలు దొరికాయి. మొదటిది రెండు గ్రామాలను ఒకే పంచాయతీగా కలపడం గురించి. దానికి గ్రామసభ పెట్టాలి, దండోరా వేయించాలి. మోడెమ్ ముందు దండోరా బాగుండదని తాతారావుగారే దాన్ని పక్కనపెట్టారు. రెండోది నా ముందుంచారు.

“వేర్వేరుగా పనిచేయుచున్న ఇరువురు ఒకరికొకరు సంబంధించినవారై, వారు కలిసియుండుటవలన ప్రభుత్వ కార్యములు చురుకుగా సాగునని తోచినచో, వారిని ఒకే కేంద్రమునందు చేర్చవచ్చును.”

ఆ నిబంధన నాకు కామాలతో సహా కంఠతా వచ్చు. అది భార్యాభర్తల బదిలీల నిబంధన. నా భార్య హైమవతిది కూడా మా శాఖే. పార్వతీపురం కేంద్రంలో వాన కొలుస్తుంది. రైలూ బస్సూ కలిపి పది గంటల దూరం. మా పెళ్ళయి మూడేళ్ళయింది, ఆమెను ఇక్కడికి బదిలీ చేయమని నేను దరఖాస్తు పెట్టుకునీ మూడేళ్ళయింది. శాఖ మొత్తానికి ఏడాదికి ఒక్క జంటనే కలుపుతారు. సర్వీసులో చిన్నవారు పెద్దవారి దగ్గరికి రావాలి. రెండేళ్ళు వరుసలో నించుని, ఈ ఏడాదికి మొదటి పేరుగా వచ్చాను.

“అది భార్యాభర్తలది కదండీ” అన్నాను.

“ఆ మాట ఎక్కడుందో చూపించు. ఇరువురు అని ఉంది. నీ చానెళ్ళు ఇరువురా కాదా?”

“ఇరువురేనండి. కానీ ఈ ఏడాది జంట కింద వాటిని లెక్కేస్తే మా సంగతేవిటండి?”

“ఛఛ, మనుషుల వరస వేరు, మిషన్ల వరస వేరు. ఆ మాత్రం పైవాళ్ళకి తెలీదటయ్యా?” అని ఆయన నా భుజం తట్టారు. నాకు కీడు చేయాలనుకునే మనిషి కాదాయన. నిబంధన దొరికిన సంతోషంలో ఉన్నారంతే.

ఆ సాయంత్రం బల్లమీది ఫోను మోగింది. రోజూ ఐదింటికి హైమవతి, మా జిల్లా కాకపోయినా లెక్క సరిచూసుకోవాలన్న నెపంతో, పార్వతీపురం ఆఫీసునుంచి ఆ రోజు వాన చెప్పేది. పడితే రెండు ముక్కల్లో అయిపోయేది. పడకపోతే, ఎందుకు పడలేదో చర్చించుకుంటూ పది నిమిషాలు మాట్లాడుకునేవాళ్ళం. మా ఇద్దరికీ కరువు రోజులే ఇష్టంగా ఉండేవి, ఆ పాపం ఒప్పుకుంటున్నాను.

“ఏవండీ, మన దరఖాస్తు ఏవయింది?”

“వరసలో మొదట ఉంది. పక్కన ఇంకో జంట కూడా బయల్దేరింది.”

“ఎవరు వాళ్ళు?”

చెప్పాను. హైమవతి నవ్వలేదు. “ఆ డబ్బాకి నాకంటే ముందు మీ దగ్గర కాపురం పెట్టేస్తారేమో చూసుకోండి” అంది.

ఫైలు కదిలింది. మా జిల్లా అధికారి జోగారావుగారు పద్ధతి తెలిసిన మనిషి. రెండు చానెళ్ళలో ఎవరు పెద్దో తేల్చందే ముందుకు వెళ్ళనన్నారు. రెండూ ఒకేరోజు విధుల్లో చేరాయి. అలాంటప్పుడు పుట్టినతేదీ చూడాలి. మోడెమ్ తిరగేసి చూస్తే అడుగున ఒకే తేదీ ఉంది. ఆఖరికి లైను వేసిన ఇంజనీరుగారికి ఉత్తరం రాశాం. ఆయన ఒక్క వాక్యంలో జవాబిచ్చారు: ఈ రెండు చానెళ్ళలో పెద్దా చిన్నా లేవు, ఏది ఖాళీగా ఉంటే అది పనిచేస్తుంది.

జోగారావుగారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివారు. “ఖాళీగా ఉన్నది పనిచెయ్యడమేవిటండీ? ఇలాంటి పద్ధతి ఏ ఆఫీసులోనైనా ఉందా?” అని చాలాసేపు మథనపడ్డారు. చివరికి మోడెమ్ మీద ఎడమవైపు దీపం ఎవరిదో వారిదే పెద్దరికమని నిర్ణయించారు. ఫోను తగిలించినది కుడివైపుది. అది చిన్నదయింది.

తరువాత సంబంధ ధ్రువీకరణ. ఆ ఇరువురినీ తాను స్వయంగా ఎరుగుదుననీ, వారు ఒకరికొకరు సంబంధించినవారేననీ గెజిటెడ్ అధికారి రాసివ్వాలి. “చూడకుండా ఎలా రాస్తానండీ? ఇద్దరినీ నా ఎదట హాజరుపరచండి” అన్నారు జోగారావుగారు.

మోడెమ్ పీకి, రెండు చేతులతో పట్టుకుని ఆయన గదిలోకి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు.

“ఏరీ?”

“ఇక్కడ కనెక్షన్ లేదండి. అందుకని దీపాలు వెలగవండి.”

“అయితే హాజరు కానట్టే కదా” అని ఫైలులో ఇరువురూ గైర్హాజరు అని రాసుకున్నారు.

మర్నాడు తాతారావుగారు, నేను, మా అటెండరు పైడయ్య కలిసి వరండా పొడుగునా తీగలు లాగి మోడెమును మళ్ళీ ఆయన బల్లమీద పెట్టాం. రెండు ఆకుపచ్చ దీపాలూ వెలిగాయి, ఆగాయి, వెలిగాయి. జోగారావుగారు మూడు నిమిషాలపాటు కన్నార్పకుండా చూశారు. ఆయన మొహంలో మెల్లగా ఒక మెత్తదనం వచ్చింది.

“అన్యోన్యంగానే ఉన్నారు” అని సంతకం పెట్టారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. తాతారావుగారు నిబంధనలో ఒక ఉపవాక్యం చూపించారు. ఇరువురూ పనిచేసే చోట్ల మధ్య కనీసం ముప్పై కిలోమీటర్లు ఉంటేనే చేర్చడానికి అర్హులు. మన చానెళ్ళ మధ్య ఒక అంగుళం ఉంది.

“ఒకే పెట్టెలో ఉన్నవాళ్ళని కలపమని ఎలా అడుగుతాం? అడిగితే అసలు విడిగా ఎప్పుడున్నారంటారు” అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. “ముందు విడదీద్దాం. చిన్నదాన్ని రెండు నెలలు తుని ఉపకేంద్రానికి డిప్యుటేషన్ వేద్దాం. అప్పుడు అర్హత వస్తుంది.”

“మోడెమ్ ఇక్కడే ఉంటుంది కదండీ?”

“మోడెమ్ ఉంటుందయ్యా. చానెల్ ఉండదు. కాయితం మీద తునిలో ఉన్నవాడు ఇక్కడ పనిచేస్తే రేపు ఆడిట్లో ఎవరు జవాబు చెప్తారు? నువ్వు దాన్ని ఆపెయ్యి.”

ఆపేశాను. బల్లమీది ఫోను మూగబోయింది. డైరెక్టరుగారు రెండు నెలలు జోగారావుగారి గదిలోని మామూలు ఫోనుకు మారారు. ఆయనకు రెండు మూడు ఫోనులున్నాయి. హైమవతి నాతో మాట్లాడడానికి ఉన్నది నా బల్లమీది ఆ ఒక్కటే. ఆ రెండు నెలలూ ఐదింటికి నా బల్లమీద ఏమీ మోగలేదు. అలవాటుకొద్దీ ఫోనువైపు చూసేవాణ్ణి. మూడేళ్ళు దూరంగా ఉన్నప్పుడు లేని దిగులు ఆ రెండు నెలల్లో పట్టుకుంది.

ఈలోగా తుని నుంచి ఉత్తరం. డిప్యుటేషన్ మీద వేసిన రెండో చానెల్ ఇంతవరకు విధులకు రిపోర్టు చేయలేదనీ, తగు చర్య తీసుకోవలసిందనీ. జోగారావుగారు మెమో జారీచేశారు. అందుకోవలసినవారు చిరునామాలో లేరు గనుక పైడయ్య దాన్ని ఇద్దరు సాక్షుల ఎదుట మోడెమ్ మీద అతికించాడు. గడువులోగా సంజాయిషీ రాలేదు. తాతారావుగారు జాలిపడి, ప్రయాణసాధనం లేనందువల్ల చేరలేకపోయానని చానెల్ తరఫున తానే ఒక జవాబు రాశారు. హెచ్చరికతో వదిలేశారు.

హైమవతి ఉత్తరం రాసింది. మామూలుగా ఆమె పొడుగ్గా రాస్తుంది. ఈసారి నాలుగే వాక్యాలు. “ఈ ఏడు కూడా రాకపోతే నేను ఉద్యోగం మానేస్తాను. పరీక్ష రాసి, మూడో ర్యాంకు తెచ్చుకుని సంపాదించుకున్న ఉద్యోగమండీ ఇది. మానెయ్యడం నాకిష్టం లేదు. కానీ ఇలా ఉండడం అంతకంటే ఇష్టం లేదు.”

ఆ ఉత్తరం చదివాక నాకు మోడెమ్ మొహం చూడబుద్ధి కాలేదు. వాన కొలవడంలో హైమవతికి ఉన్న శ్రద్ధ మా శాఖలో ఇంకెవరికీ లేదు. తుప్పర పడినా గొడుగేసుకుని వెళ్ళి వాన కొలిచే గొట్టం చూసొస్తుంది. అలాంటి మనిషి నాకోసం ఇంట్లో కూర్చోవలసి రావడం నాకు సిగ్గుగా అనిపించింది.

డిప్యుటేషన్ ముగిసింది. ప్రతిపాదనలు రాజధానికి వెళ్ళాయి. ఎనిమిదో నెలలో, ఒక బుధవారం, టపాలో ఉత్తర్వు వచ్చింది.

“వర్షమాన శాఖయందు పనిచేయుచున్న చానెల్ ఒకటి, చానెల్ రెండు అను ఇరువురిని ఒకే లింకునందు చేర్చుటకు అనుమతించడమైనది. కార్యాలయ వేళలయందు వారిని ఎట్టి పరిస్థితిలోను విడదీయరాదు.”

జోగారావుగారు మిఠాయి తెప్పించారు. నేను కళ్ళజోడు వెతుక్కుని, ఫైలు తెరిచి, నంబరు రెండోసారి రాసి, కింద ఆ ఒక్క వరుస చేర్చి, మోడెమ్ మళ్ళీ డయల్ చేసేలా చేశాను. రెండు దీపాలూ ఆరకుండా వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

కలిసిన చానెళ్ళలో మొట్టమొదట వచ్చింది వాన పటం కాదు. ముద్ర స్పష్టంగా కనబడాలని ఉత్తర్వులన్నిటినీ పెద్ద బొమ్మలుగా పంపడం అప్పుడే మొదలుపెట్టారు. వచ్చింది అలాంటి బొమ్మే. నాలుగు నిమిషాలు పట్టవలసింది రెండింట్లో వచ్చింది.

“శ్రీ సోమేశం, టెక్నికల్ అసిస్టెంటు, తన భార్యను తానున్న కేంద్రమునకు బదిలీ చేయవలెనని పెట్టుకున్న దరఖాస్తు పరిశీలించడమైనది. ఈ సంవత్సరమునకు కేటాయించిన ఒక జంట అవకాశము ఇదివరకే వినియోగమైనందున తిరస్కరించడమైనది.”

తాతారావుగారు నా భుజం మీదుగా చదివారు. చేతిలో ఉన్న మిఠాయి తినలేక, కింద పెట్టలేక నిలబడ్డారు. “మనుషుల వరస వేరనుకున్నానయ్యా” అన్నారు. ఫోనెత్తి హైమవతికి చెబుదామనుకుంటే అందులో చప్పుడు లేదు. రెండు చానెళ్ళూ ఒకరితో ఒకరు తీరిక లేకుండా ఉన్నారు.

ఆమెకు ఎస్టీడీ బూత్ నుంచి చెప్పాను. “సరే” అంది. “వచ్చే సోమవారం రాజీనామా ఇస్తాను.” ఇంకేదో అనబోయి, “ఇక్కడ వాన మొదలయింది, గొట్టం చూడాలి” అని పెట్టేసింది.

ఆ సోమవారం పదకొండింటికి డైరెక్టరుగారు జోగారావుగారిని అభినందించాలనుకున్నారు. రాష్ట్రంలో చానెళ్ళను నిబంధన ప్రకారం కలిపిన మొదటి జిల్లా మాదేనట. స్పష్టంగా అభినందించాలని ఆ స్పష్టమైన ఫోనుకే చేశారు. లైను ఖాళీ లేదు. పదకొండుంపావుకి చేశారు. లేదు. పదకొండున్నరకు మామూలు ఫోను మోగింది. జోగారావుగారు అభినందనలకు లేచి నించుని అందుకున్నారు, తరువాత కూర్చోవడం మరచిపోయారు.

ఫోను పెట్టేసి సరాసరి నా బల్ల దగ్గరికి వచ్చారు. “పన్నెండింటికి మళ్ళీ చేస్తారట. ఫోను మోగాలి. తక్షణం విడదీసెయ్యండి.”

నేను కీబోర్డు మీద చేతులు పెట్టాను. తరువాత తీసేశాను. నా ఉద్యోగజీవితంలో అంత వినయంగా ఎన్నడూ మాట్లాడలేదు.

“ఏ నిబంధన కిందండీ?”

జోగారావుగారు నన్ను చూశారు, గోడమీద అతికించిన సర్క్యులర్ చూశారు, గడియారం చూశారు. పన్నెండుకు ఇరవై నిమిషాలుంది. “తాతారావుగారూ” అని కేకేశారు.

తాతారావుగారికి ఈసారి మూడు రోజులు పట్టలేదు. బీరువా కూడా తెరవలేదు. ఆ మాటకోసమే కూర్చున్నట్టు పుస్తకం పట్టుకుని వచ్చారు, వేలు పేజీ మధ్యలోనే ఉంది.

“ఇదే నిబంధన, తొమ్మిదో ఉపవాక్యమండి. చేర్చబడిన ఇరువురు తరువాత పొసగనిచో జిల్లా అధికారి వారిని విడదీయవచ్చును.”

“రాయండి, రాయండి.”

“ఇంకో వాక్యం ఉందండి” అని తాతారావుగారు ఎక్కడలేని నిదానంతో చదివారు. “అటుల అదే సంవత్సరములో విడదీసినచో, వారు వినియోగించిన అవకాశము వరుసలో తరువాతివారికి చెందును.”

“చెందనివ్వండి, నాకేం? ఎక్కడ సంతకం?”

తాతారావుగారు చూపించారు. మూడు చోట్ల పెట్టించారు. మూడోది నా దరఖాస్తును మళ్ళీ పైకి పంపే కాగితం మీద. నా వైపు చూడకుండా, “ఊఁ, ఇప్పుడు విడదియ్యవయ్యా” అన్నారు. నేను చేర్చిన వరుస తీసేశాను. పన్నెండింటికి ఫోను మోగింది. జోగారావుగారు అభినందనలు అందుకున్నారు.

నేను ఆయన ఫోను పెట్టేదాకా ఆగి పార్వతీపురానికి చేశాను. రాజీనామా కాగితం టైపు మిషన్లోనే ఉందట. తియ్యమన్నాను.

మూడు వారాల తరువాత గురువారం ఉదయం మొదటి చానెల్ మీద ఒక బొమ్మ రావడం మొదలయింది. పైనుంచి కిందికి, ఒక్కొక్క గీతగా. అదే సమయంలో రెండో చానెల్ మీద ఫోను మోగింది. ఐదు కాలేదు. ఉత్తర్వు బయల్దేరిందని ఎవరో చెప్పగా విని హైమవతి ఆగలేకపోయింది.

“ఎంతవరకు వచ్చింది?”

“ముద్ర వచ్చింది. ఇప్పుడు విషయం అన్న మాట వస్తోంది.”

“ఇప్పుడు?”

“బదిలీలు అని ఉంది.”

వెనక నిలబడ్డ తాతారావుగారు ఉండబట్టలేక, “ఆ రెండోది కూడా కలిపి ఉంటే ఈపాటికి వచ్చేసేదయ్యా” అన్నారు. ఫోనులో ఉన్న మనిషిని గుర్తుచేసుకుని నాలిక కరుచుకుని వెళ్ళిపోయారు.

“పార్వతీపురం కేంద్రమున పనిచేయుచున్న శ్రీమతి, అని ఉంది” అన్నాను.

“ఏ శ్రీమతి?”

“కింది వరుసలో ఉంటుంది. ఇంకా రాలేదు.”

ఆ ఫోనులో నిజంగానే అంతా స్పష్టంగా వినబడుతుంది. హైమవతి ఊపిరి వినబడుతోంది, పార్వతీపురంలో రేకుల మీద పడుతున్న వాన వినబడుతోంది. ఆ రోజు ఆమె గొట్టం చూడడానికి వెళ్ళలేదు. తెరమీద కొత్త వరుస మొదలయింది. అక్షరాల పైఅంచులు మాత్రమే కనబడుతున్నాయి. ఆ పేరు చదవడానికి నాకు అంతే చాలు.

“వచ్చేశావు” అన్నాను.